ఇరవై గ్రాములు

మా నాయనమ్మ లాలాగూడ గేటు కాడ పాత ఇనుము కొంటది.
ఆమె కాంటా పక్కన కూసుని కూసుని
నాకీ పాడు విద్య అబ్బింది:
దేన్ని చూసినా బరువు తెలుస్తది.
మేక, మోటారు, గుర్రం మీది పెండ్లికొడుకు,
అంకె నాలిక మీదికొస్తది, ఉప్పు లెక్క.

జోయెల్‌ది మంచి శక్తి.
మెట్టుగూడ చర్చి గోడ మీద కాలు ఆనిచ్చి
రైల్వే క్వార్టర్ల నీళ్ల ట్యాంకు మీద దిగుతడు.
తబస్సుమ్ అరచేతులల్ల కొలిమి.
లెక్కల పరీక్షనాడు అట్ట కాలిపోతే
కాపీ కొట్టి కాగితం తగలబెట్టిందన్నడు సారు.
ముగ్గురికీ పదారేండ్లు. ముగ్గురం ఇంట్ల చెప్పలే.

వాడు చర్లపల్లిల ఒక షెడ్డుల తయారైండు.
మెడ ఎనక ‘నమూనా ఏడు’ అని చెక్కి ఉండె.
ఏడుకొండలు అని పేరు పెట్టింది
ఆదివారం చర్చిల గిటార్ వాయించే జోయెలే.
కడుపు పట్టుకుని నవ్వినం.
నూటపన్నెండు కిలోలు.
ముఖం మాత్రం ఇంటర్ తప్పిన పిల్లగాని ముఖం.
వర్క్‌షాపు ఎనక మూలపడ్డ రైలు డబ్బాల దాచినం.
ఉస్మానియా బిస్కెట్ ఇస్తే తినుడు రాదు,
విరగకుండ పట్టుకునుడు నేర్చుకున్నడు,
మూడు ప్యాకెట్లు పొడి అయినంక.

నాలుగో రోజు తెలిసింది.
షెడ్డు నుంచి బయటపడ్డ రాత్రి
అడ్డమొచ్చిన వాచ్‌మెన్‌ను పక్కకు జరిపిండట.
జరిపిండు, అంతే.
మెడ ఇరిగింది.
ఆ వాచ్‌మెన్ తబస్సుమ్ వాళ్ల మామూ.

ఆ రాత్రి వాన.
ఆమె డబ్బా తలుపు పట్టుకుంటే
తలుపు కారింది, మైనం లెక్క.
“జరుగు, జోయెల్.”
“వానికి తెల్వదు తబ్బూ, బలమెంతనో తెల్వదు.”
“నాకు తెల్సు నా బలం.
ఎనిమిదేండ్ల సంది అన్నం కంచం
గుడ్డతోనే పట్టుకుంటున్న.”

జోయెల్ పైకప్పుకు తన్ని ఆమె మీదికి దూకిండు.
ఆమె చెయ్యి వాని భుజం మీద పడ్డది.
ఆ వాసన చెప్ప.
ఇద్దరూ పట్టాల నడుమ దొర్లుతుంటే
వాన వాళ్ల మీద పడకముందే ఆవిరైతుండె.
నేనేం చేస్త? తూకం పిల్లను.
ఏం తోచక వాని దిక్కు చూసిన.
నూటపన్నెండు కిలోలు, ఇంకో ఇరవై గ్రాములు.

“వీడు ఇరవై గ్రాములు ఎక్కువున్నడు!” అని ఒర్రిన.
తిడ్తరనుకున్న. ఆగిండ్రు.

ఏడుకొండలు చొక్కా విప్పి
పక్కటెముక రేకు తీసిండు.
లోపల విజిల్. స్టీలుది, నల్ల తాడుతోటి.
నోట్ల పెట్టుకున్నడు. బుగ్గలు పొంగలే.
ఊపిరి లేనోడు ఎట్ల ఊదుతడు?
“ఆయన ఊదబోయిండు,” అన్నడు.
“నేను ఊదనీయలే.
అప్పటి సంది చూస్తున్న, వస్తదేమో అని.”

తబస్సుమ్ విజిల్ తీసుకుంది. గుడ్డ లేకుండ.
కరగలే.
వాడు రెండు చేతులు ముందుకు చాపిండు.
ఎవ్వరూ అడగలే వాన్ని.
జోయెల్ కాలిన భుజం పట్టుకుని వద్దన్నడు.
నేను వద్దనలే, కానీయనలే.
ఆమె వాని మణికట్లు పట్టుకుంది,
చిన్న పిల్లగాన్ని రోడ్డు దాటించేటట్టు,
మొదటి లోకల్ బండి పోయిందాక వదల్లే.

నూటనాలుగు.

జోయెల్ మాతోటి మాట్లాడ్తలేడు.
తబస్సుమ్ రోజూ కాలేజీ అయినంక
ఆ డబ్బాలకు పోయి వాని ఎదురుంగ కూసుంటది.
ఏం మాట్లాడుకుంటరో తెల్వదు.
ఒకనాడు విజిల్ వినొచ్చింది, ఒక్కసారే.

పట్టాల మీద చల్లారిన ముద్దలు
గోతంల ఏసుకుని నాయనమ్మ కాడికి తెచ్చిన.
“ఏం లోహం బిడ్డా ఇది?”
“తెల్వదు.”
“ఎంతుంటది?”
“ఎనిమిది కిలోలు.”
అయినా కాంటా మీద పెట్టింది.
ముల్లు ఆగేదాక చూసింది.
రేటు మాత్రం చెప్పలే.